ఏ ‘మెట్రోపోలిస్’ చూడాలి?

‘మెట్రోపోలిస్’ పేరుతో విదేశాల్లో వచ్చిన మూడు డిస్కులను పక్కపక్కన పెట్టి వెనక అట్ట తిప్పితే, ముందుగా కంటపడే తేడా నిడివి. ఒకదాని మీద 80 నిమిషాల పైచిలుకు. రెండోదాని మీద 124 నిమిషాలు. మూడోదాని మీద ఇంచుమించు 150 నిమిషాలు. మూడింటికీ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగే, నటీనటులూ వాళ్లే. అట్ట మీద బొమ్మ కూడా చాలాసార్లు సినిమాలోని లోహపు స్త్రీదే. అయినా మొదటిది చూసినవాళ్లూ మూడోది చూసినవాళ్లూ ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే, ఒకే సినిమా చూసి వచ్చినట్టు అనిపించదు. ఒకరికి బాగా గుర్తున్న పాత్ర మరొకరు చూసిన సినిమాలో దాదాపు ఉండదు.

మూకీ సినిమా కొనేటప్పుడు పేరు చూస్తే చాలదు. ఆ డిస్కులోకి ఎక్కింది ఏ ప్రింటు, దాన్ని బాగుచేసింది ఎవరు, ఏ సంగీతం జోడించారు, ఏ వేగంతో నడిపారు అన్నవి కలిస్తేనే మనం చూసే సినిమా. ఇది చెప్పడానికి మెట్రోపోలిస్‌ను మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

1927 జనవరి 10న బెర్లిన్‌లోని ఉఫా పలాస్ట్ ఆమ్ జూ థియేటర్లో ఈ సినిమా మొదటిసారి ప్రదర్శించారు. నిర్మాత జర్మనీలోని పెద్ద సంస్థ ఉఫా. రచన లాంగ్ భార్య థియా ఫాన్ హార్బౌది. 1925 మేలో మొదలైన చిత్రీకరణ 1926 అక్టోబరు దాకా సాగింది. ఖర్చు 50 లక్షల రైష్‌మార్కులు దాటింది. కథ భవిష్యత్తులోని ఒక మహానగరానిది. పైన ఆకాశాన్నంటే భవనాలు, వాటిలో యజమానులు. నేల అడుగున యంత్రాలకు అంటిపెట్టుకుని బతికే కార్మికులు. నగరాన్ని ఏలే యో ఫ్రెడర్సన్, కార్మికుల కష్టం కళ్లారా చూసి కదిలిపోయిన అతని కొడుకు ఫ్రెడర్, పాతాళంలో వాళ్లకు ఓర్పు బోధించే మరియా, ఆమె రూపాన్ని ఒక యంత్రానికి తొడిగి జనం మీదికి వదిలే శాస్త్రజ్ఞుడు రోట్వాంగ్. మరియాగానూ, ఆమె రూపంలో తిరిగే యంత్రంగానూ నటించింది బ్రిగిట్టె హెల్మ్ ఒక్కతే. ‘స్టార్ వార్స్’లోని బంగారు రంగు రోబో రూపానికి ప్రేరణ ఈ సినిమాలోని లోహపు స్త్రీయే.

తొలి ప్రదర్శన రోజు బెర్లిన్ ప్రేక్షకులు చూసిన సినిమా పొడవు 4,189 మీటర్లు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన రెండున్నర గంటలు దాటుతుంది. ఆ సినిమాను వాళ్ల తర్వాత చూసినవాళ్లు చాలా కొద్దిమంది.

అప్పటికే అప్పుల్లో ఉన్న ఉఫా, అమెరికాలోని పారామౌంట్, ఎంజీఎం సంస్థలతో ఒప్పందం చేసుకుని ఉంది. అమెరికాలో విడుదల చేయాల్సిన పారామౌంట్‌కు సినిమా మరీ పొడవనిపించింది. చానింగ్ పొలాక్ అనే నాటక రచయితను పిలిపించి కత్తెర చేతికిచ్చింది. ఆయన సన్నివేశాలు తీసేయడంతో ఆగలేదు, టైటిల్ కార్డులు మార్చి కథనే తిరగరాశాడు. జర్మనీలో కూడా ఉఫా కొద్ది నెలలకే పూర్తి ప్రింటును వెనక్కి తీసుకుని, ఆగస్టులో 3,241 మీటర్ల కుదించిన రూపాన్ని విడుదల చేసింది. నాలుగో వంతుకు కాస్త తక్కువగా సినిమా మాయమైంది. అప్పట్నుంచి ఎనభై ఏళ్లపాటు లోకం ‘క్లాసిక్’ అని మెచ్చుకున్నదీ, ‘దృశ్యాలు అద్భుతం, కథ గందరగోళం’ అని విమర్శించినదీ ఈ మిగిలిన ముక్కనే.

గందరగోళం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. అసలు కథలో హెల్ అనే స్త్రీ ఉంది. రోట్వాంగ్ ప్రేమించినది ఆమెనే. ఆమె ఫ్రెడర్సన్‌ను పెళ్లి చేసుకుని, కొడుకు ఫ్రెడర్‌ను కని చనిపోయింది. పోయిన హెల్‌ను తిరిగి తెచ్చుకోవాలనే పిచ్చితోనే రోట్వాంగ్ ఆ లోహపు స్త్రీని తయారుచేశాడు. ఇంట్లో తెర వెనక ఆమె శిరస్సు విగ్రహం పెద్దగా చెక్కించి పెట్టుకున్నాడు. ఆ తెర తొలగించి ఫ్రెడర్సన్ దాని ముందు నిలబడడం, అది చూసి రోట్వాంగ్ రగిలిపోవడం కథకు ఆయువుపట్టు. హెల్ అనే పేరు ఇంగ్లీషులో నరకాన్ని గుర్తు చేస్తుందని అమెరికా రూపంలో ఆ పాత్రను మొత్తంగా తీసేశారు. కర్ణుడి పుట్టుక సంగతి ఎత్తకుండా భారతం చెబితే కుంతి కన్నీళ్లకు అర్థం ఉంటుందా? రోట్వాంగ్ పగ కూడా అలాగే అర్థం లేనిదై, అతనొక మామూలు పిచ్చి శాస్త్రవేత్తగా మిగిలాడు.

ఇప్పుడు డిస్కుల దగ్గరికి వద్దాం.

మొదటిది, 80 నిమిషాల పైచిలుకుది, 1984లో ఇటాలియన్ సంగీత దర్శకుడు జోర్జియో మొరోడర్ తయారుచేసిన రూపం. దృశ్యాలకు రంగులు పూశారు. టైటిల్ కార్డులు చాలావరకు తీసేసి ఆ మాటల్ని తెర అడుగున సబ్‌టైటిళ్లుగా వేశారు. ఫ్రెడీ మెర్క్యురీ, బానీ టైలర్, పాట్ బెనెటార్ లాంటి పాప్ గాయకుల పాటలు జోడించారు. కార్డులు పోవడంతో సినిమా ఇంకా పొట్టిదైంది, ఇంకా వేగంగా పరుగెత్తింది. సినీ పండితులు మండిపడ్డారు. కానీ మూకీ సినిమా పేరు కూడా ఎరగని ఒక తరాన్ని థియేటర్లకు రప్పించింది ఇదే. హెల్ కథను కొంతవరకైనా తిరిగి చేర్చే ప్రయత్నం కూడా ఇందులో ఉంది. 2011లో ఇది బ్లూ-రేగా వచ్చింది.

రంగుల వాదన తెలుగువాళ్లకు బాగా తెలిసిందే. 1957 నాటి ‘మాయాబజార్’కు హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్ది 2010 జనవరి 30న విడుదల చేసినప్పుడు కొత్త ప్రేక్షకులు వచ్చారు, పాత ప్రేమికులు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వెన్నెలను తలుచుకుని బాధపడ్డారు. రెండు వైపులా న్యాయం ఉంది. తేడా అల్లా ఒక్కటే. మాయాబజార్ నలుపు తెలుపు రూపం కోరితే ఇప్పటికీ దొరుకుతుంది, పోల్చి చూసుకోవచ్చు. 1984లో మొరోడర్ సినిమా చూసినవాళ్లకు పోల్చుకోవడానికి అసలుది లేదు. అందుకే మొరోడర్ డిస్కును 1980ల ముచ్చటగా, మరొకటి చూశాక చూడాలి. మెట్రోపోలిస్‌తో తొలి పరిచయానికి అది పనికిరాదు.

రెండో డిస్కు వెనక చాలా ఓపికతో చేసిన వెతుకులాట ఉంది. మ్యూనిక్ ఫిల్మ్ మ్యూజియం అధిపతి ఎన్నో పటాలాస్ ఏళ్ల తరబడి శ్రమించి 1987లో ఒక పునర్నిర్మాణం సిద్ధం చేశాడు. ఆయనకు దారి చూపించినవి సినిమా రీళ్లకంటే కాగితాలు. టైటిల్ కార్డుల మాటలన్నీ ఉన్న సెన్సారు పత్రాలు, నిశ్చల ఛాయాచిత్రాలు, అన్నింటికంటే ముఖ్యంగా గాట్‌ఫ్రీడ్ హుప్పెర్ట్జ్ ఈ సినిమా కోసం రాసిన సంగీతం ప్రతి. అందులో తెరమీద ఏం జరిగేటప్పుడు ఏ స్వరం పలకాలో వెయ్యికి పైగా గుర్తులు రాసి ఉన్నాయి. పోయిన దృశ్యాల వరుసను ఆ సంగీతం కాగితాలే చెప్పాయి.

ఆ పునాది మీద మార్టిన్ కోయెర్బర్, పాత జర్మన్ సినిమాలను భద్రపరిచే ముర్నావ్ ఫౌండేషన్ కోసం చేసిన కొత్త పునరుద్ధరణ 2001 ఫిబ్రవరిలో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో వెలుగు చూసింది. అదే ఏడాది యునెస్కో మెట్రోపోలిస్‌ను ‘ప్రపంచ స్మృతి’ జాబితాలో చేర్చింది. ఇక్కడ తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో ఒక నెగటివ్ నుంచి మరో నెగటివ్ చేస్తే బొమ్మ నాణ్యత బాగా పడిపోయేది. అందుకని పెద్ద సినిమాలకు వేర్వేరు టేకులతో, పక్కపక్కన పెట్టిన కెమెరాలతో ఒకటికి మించిన నెగటివ్‌లు సిద్ధం చేసేవారు. మెట్రోపోలిస్‌కు మూడు చేశారు: ఒకటి జర్మనీకి, ఒకటి పారామౌంట్‌కి, ఒకటి మిగతా దేశాలకు. వీటిలో కాలానికి తట్టుకుని నిలిచింది పారామౌంట్ కోసం తయారైన నెగటివ్. అంటే ఇవాళ మనం చూసే అతి స్పష్టమైన దృశ్యాలు ఎక్కువ భాగం అమెరికాకు పంపిన టేకులే. బెర్లిన్ ప్రేక్షకులు చూసిన టేకులో హెల్మ్ తల తిప్పిన తీరు కాస్త వేరుగా ఉండి ఉండవచ్చు.

2001 రూపం 2003లో అమెరికాలో కినో సంస్థ డీవీడీగా వచ్చింది. దొరకని దృశ్యాల చోట ‘ఇక్కడ ఇది జరుగుతుంది’ అని వేరే అక్షరాలతో కార్డులు వేశారు. ఏది అసలు, ఏది మనం చేర్చిన వివరణ అన్నది ప్రేక్షకుడికి దాచకుండా చెప్పడం ఆ పనిలోని గొప్పదనం. చెరిగిపోయిన చోటును చెరిగిపోయిందని చెప్పారు. అతుకు కనపడకుండా సర్దేసి ఉంటే చూడడానికి హాయిగా ఉండేది, చరిత్రకు ద్రోహం జరిగేది. బెర్న్‌ట్ హెల్లర్ నిర్వహణలో సార్‌బ్రూకెన్ రేడియో ఆర్కెస్ట్రా వాయించిన హుప్పెర్ట్జ్ సంగీతం, పటాలాస్ వ్యాఖ్యానం అందులో ఉన్నాయి. ఇంతకంటే మెరుగైన మెట్రోపోలిస్ ఇక రాదని అప్పట్లో అందరూ అనుకున్నారు.

కొన్నేళ్లకే అర్జెంటీనా నుంచి కబురొచ్చింది.

1920ల చివర్లో అడాల్ఫో విల్సన్ అనే పంపిణీదారు కుదించని ప్రింటును బ్వేనస్ ఎయిరిస్‌కు తీసుకెళ్లాడు. అది తర్వాత మాన్యుయెల్ పేన్యా రోడ్రిగెస్ అనే సినీ విమర్శకుడి సొంత సేకరణలోకి చేరింది. ఆయన నుంచి అక్కడి జాతీయ కళా నిధికి వెళ్లింది. నైట్రేట్ ఫిల్ము ఇట్టే అంటుకుంటుంది కాబట్టి, భద్రం కోసం దాని నుంచి 16 ఎంఎం ప్రతి ఒకటి తీశారు. నైట్రేట్ ప్రింటు పోయింది, ఆ చిన్న ప్రతి మిగిలింది. 1992లో అది నగరంలోని సినిమా మ్యూజియానికి చేరి అరలో కూర్చుంది.

ఫెర్నాండో మార్టిన్ పేన్యా అనే సినీ చరిత్రకారుడికి ఒక ఫిల్మ్ క్లబ్ పెద్ద ఎప్పుడో చెప్పిన మాట మనసులో ఉండిపోయింది. మెట్రోపోలిస్ ప్రదర్శించేటప్పుడు రీలు కదిలిపోకుండా ప్రొజెక్టర్ దగ్గర రెండు గంటలకు పైగా వేలు అదిమిపెట్టి నిలబడ్డానని ఆయన చెప్పాడు. రెండు గంటలకు పైగా అంటే? అప్పటికి లోకానికి తెలిసిన ఏ ప్రింటూ అంతసేపు నడవదు. పేన్యా ఆ లెక్క మరచిపోలేదు. పావులా ఫెలిక్స్ డిడియెర్ మ్యూజియం అధిపతి అయ్యాక, 2008లో ఇద్దరూ కలిసి ఆ డబ్బాలు తెరిచి చూశారు. ఎనభై ఏళ్లుగా పోయాయనుకున్న దృశ్యాలు అందులో ఉన్నాయి, దాదాపు 25 నిమిషాలు. అరలో ఉన్నది ఏమిటో ఊహించగలిగింది ఒక ప్రొజెక్టర్ మనిషి వేలి నొప్పి కథను శ్రద్ధగా విన్నవాడు! సినిమా చరిత్రలో ఇంత అందమైన పరిశోధన అరుదు.

ఆ దృశ్యాలతో, న్యూజిలాండ్‌లో భద్రంగా ఉన్న మరో ప్రింటులోని కొన్ని షాట్లతో కలిపి తయారైన కొత్త రూపాన్ని 2010 ఫిబ్రవరి 12న బెర్లిన్‌లో ప్రదర్శించారు. ఫ్రాంక్ స్ట్రోబెల్ నిర్వహణలో బెర్లిన్ రేడియో సింఫనీ ఆర్కెస్ట్రా అక్కడే కూర్చుని వాయించింది. మంచు చలిలో బ్రాండెన్‌బుర్గ్ గేట్ దగ్గర తెర కట్టి ఆరుబయట జనానికి కూడా చూపించారు. ఆ ఏడాది చివర్లో అమెరికాలో కినో, బ్రిటన్‌లో యురేకా సంస్థలు దీన్ని బ్లూ-రేగా తెచ్చాయి. పైన చెప్పిన మూడో డిస్కు ఇదే.

చూడగానే కొట్టొచ్చినట్టు కనిపించేది బొమ్మలో తేడా. నెగటివ్ నుంచి వచ్చిన భాగాలు నిన్న తీసినంత స్పష్టంగా ఉంటాయి. అంతలో ఒక్కసారిగా తెర మీద వాన మొదలవుతుంది. అర్జెంటీనా దృశ్యాలు నిలువు గీతలతో, మసకగా వస్తాయి. ఆ గీతలు అసలు నైట్రేట్ ప్రింటు మీద పడ్డవి. 16 ఎంఎం ప్రతి తీసేటప్పుడు ఆ గీతలు కూడా బొమ్మలో భాగమై అచ్చయిపోయాయి. కంప్యూటర్లతో తగ్గించగలిగినంత తగ్గించారు, అంతకు మించితే ముఖాలే చెరిగిపోతాయి. పైగా ఆ దృశ్యాల్లో బొమ్మ అంచుల్లో కొంత ఉండదు. మూకీ సినిమాలో బొమ్మ ఫిల్ము వెడల్పంతా పరుచుకునేది. టాకీలు వచ్చాక పక్కన ధ్వని రేఖకు చోటు వదలాల్సి వచ్చింది. అర్జెంటీనాలో ప్రతి తీసినప్పుడు ఆ టాకీ కొలతనే వాడడంతో అంచులు తెగిపోయాయి. పునరుద్ధరించినవాళ్లు బొమ్మను సాగదీసి తెర నింపలేదు, పోయిన మేర నల్లగా వదిలేశారు. కళ్లు కొద్ది నిమిషాల్లో అలవాటు పడతాయి. ఆ తర్వాత ఆ నల్ల అంచే ‘ఇది బ్వేనస్ ఎయిరిస్ నుంచి వచ్చింది’ అని చెప్పే గుర్తవుతుంది.

ఆ గీతల వెనక దొరికినది మాత్రం బంగారం. ఫ్రెడర్సన్ గూఢచారిగా పనిచేసే సన్నటి మనిషి, నటుడు ఫ్రిట్జ్ రాస్ప్, పాత రూపాల్లో అలా వచ్చి ఇలా పోయేవాడు. ఇందులో, ఫ్రెడర్‌కు సాయపడే జోసఫాట్ ఇంటికొచ్చి అతన్ని బెదిరించే ఘట్టంలో ఒళ్లు జలదరింపజేస్తాడు. ఫ్రెడర్‌తో బట్టలు మార్చుకున్న 11811 నంబరు కార్మికుడు, జేబులో డబ్బు తగలగానే యోషివారా అనే విలాసాల వాడ వైపు ఎలా కొట్టుకుపోయాడో ఇప్పుడు తెలుస్తుంది. నీట మునుగుతున్న పాతాళంలోంచి పిల్లల్ని పైకి తెచ్చే ఘట్టం నిండుగా, ఊపిరి బిగబట్టేలా సాగుతుంది. కథ గందరగోళమన్న పాత విమర్శకు జవాబు ఈ 25 నిమిషాల్లో ఉంది. లాంగ్ కథ చెప్పడం చేతకానివాడు కాడు, ఆయన చెప్పిన కథను మధ్యలో చింపేశారు.

సంగీతం సంగతికొస్తే, పూర్తి నిడివి దొరకడంతో హుప్పెర్ట్జ్ రాసినది రాసినట్టు దృశ్యంతో అడుగు కలుపుతుంది. ఈ ఒక్క కారణం చాలు ఈ డిస్కు ఎంచుకోవడానికి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే పాత కాపీల్లో చాలావాటికి ఎక్కడిదో సంగీతం తగిలించి ఉంటుంది. దృశ్యంలో వరద, వెనక సోలో పియానో లాలిపాట. మూకీ సినిమాకు సంగీతమే గొంతు కాబట్టి ఇది చిన్న లోపం కాదు.

నిమిషాల్లో చిన్న తేడా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. యూరప్‌లోనూ, మన దేశంలోనూ టీవీలకు వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు నడుస్తాయి. 24 ఫ్రేముల సినిమాను ఆ పద్ధతిలోకి మారిస్తే నూటికి నాలుగు వంతులు తగ్గుతుంది. 150 నిమిషాలది 144 అవుతుంది, ఒక్క దృశ్యం కూడా పోదు. అరగంట తేడా ఉందంటే మాత్రం అది వేరే రూపమేనని అర్థం చేసుకోవాలి.

అదనపు సరుకులో యురేకా డిస్కుది పైచేయి. డేవిడ్ కలాట్, జోనథన్ రోజెన్‌బామ్ ఇద్దరూ సినిమా పొడవునా చెప్పిన వ్యాఖ్యానం, అర్జెంటీనా ప్రింటు ప్రయాణం మీద డాక్యుమెంటరీ, మంచి పుస్తకం ఉన్నాయి. కొనేముందు అట్ట మీది ప్రాంతం అక్షరం కూడా చూసుకోవాలి. బ్లూ-రేలకు అమెరికా ‘ఎ’, బ్రిటన్ ‘బి’, మన దేశం ‘సి’. ప్లేయర్ ఒప్పుకోకపోతే ఎంత గొప్ప డిస్కయినా అలంకారానికే. డాలస్‌లోనో లండన్‌లోనో ఉన్న బంధువులతో తెప్పించుకునేవాళ్లు దీన్ని ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇంతకీ ఏది చూడాలి? ఒక్కటే చూసే తీరిక ఉంటే నిస్సందేహంగా 2010 రూపం, గీతలతో సహా. 2001 డీవీడీ ఇంట్లో ఉంటే పారేయకండి, పటాలాస్ వ్యాఖ్యానం కోసం దాచుకోండి. మొరోడర్‌ది చివర్లో. 2010 రూపంలో కూడా సినిమా మొత్తం లేదు. చర్చిలో సన్యాసి ప్రసంగం, ఫ్రెడర్సన్, రోట్వాంగ్‌ల పెనుగులాట ఇంకా దొరకలేదు. ఆ చోట్ల ఇప్పటికీ కార్డులే ఉన్నాయి.

ఈ కథలో తెలుగువాళ్లు పట్టించుకోవలసింది 16 ఎంఎం అన్న మాట. మనకు తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు లేదు. రఘుపతి వెంకయ్య, ప్రకాష్‌ల మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ లేదు. కానీ వినాయక చవితి పందిళ్లలో, శ్రీరామనవమి పందిళ్లలో వీధికి అడ్డంగా తెర కట్టి 16 ఎంఎం సినిమాలు వేసిన ఊళ్లు ఎన్నో. ఆ రీళ్లు అద్దెకిచ్చినవాళ్ల ఇళ్లలో, మూతపడ్డ హాళ్ల గదుల్లో, అటకల మీద తుప్పు పట్టిన డబ్బాలు ఉండి ఉండవచ్చు. అలాంటిది కంటపడితే పాత ప్రొజెక్టర్‌కు ఎక్కించి చూడకండి, ఎండిన ఫిల్ము తెగిపోతుంది. వెనిగర్ వాసన వస్తోందంటే అది కుళ్లడం మొదలైందని అర్థం, చల్లటి పొడి చోటికి మార్చండి. పాత ఇనుము కొనేవాడికి మాత్రం వేయకండి. పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కో, ముంబయిలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్‌కో ఒక కబురు పంపండి.